లోకదృష్టి - తత్త్వదృష్టి

లోకము స్వతఃసిద్ధమైన సత్యమా, లేక సంఘము కల్పించుకొన్న భావనయా అను ప్రశ్న పండితసభలకే పరిమితమైనది కాదు. ఎదుట నిలిచిన మనుష్యుని చూచి ‘ఇతడు అధికుడు, ఇతడు అల్పుడు’ అని తలచిన ప్రతివారును తెలియకయే దానికి సమాధానము చెప్పుచున్నారు.

ఈ జగత్తు సత్యమని భగవద్రామానుజుల సిద్ధాంతము. చేతనాచేతనములు రెండును పరమాత్మకు శరీరములు. శరీరి సత్యమైనప్పుడు శరీరము మిథ్య కానేరదు. అట్లైన భ్రాంతి ఎట్లు కలుగుచున్నది? ముత్యపుచిప్పను చూచి వెండియని భ్రమించుట అందరెరిగిన దృష్టాంతమే. దీనికి శ్రీభాష్యమున చెప్పబడిన సమాధానము విలక్షణమైనది. భూతముల కలయికచే ఏర్పడిన వస్తువులలో ఒకదాని అంశము మరియొకదానియందు స్వల్పముగా నుండును. కావున చిప్పలో వెండి అంశము కొంత లేకపోలేదు. కన్ను చూచినది శూన్యమును కాదు. అయితే అధికమైన చిప్ప అంశమును విడిచి, స్వల్పమైన వెండి అంశమునే గ్రహించుట భ్రాంతి. ఆ వెండితో కడియము చేయింపబూనినవానికి ఆ సంగతి తెలియవచ్చును.

సంఘదృష్టియు ఇట్టిదే. శ్రీరంగమున మారనేరి నంబి అను పరమభాగవతుడుండెను. ఆయన ఆళవందారుల శిష్యుడు; సంఘము తక్కువగా నెంచిన కులమున జన్మించినవాడు. ఆచార్యుని బాధించిన వ్రణమును గురుప్రసాదముగా తాను స్వీకరించి భరించినాడని సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన పరమపదించినప్పుడు సహాధ్యాయియైన పెరియనంబి స్వయముగా అంత్యసంస్కారము జరిపినారు. మధురాంతకమున రామానుజులకు పంచసంస్కారములు చేసిన ఆచార్యులు వీరే. అంతటివారిని స్వజనులు వెలివేసిరి. రామానుజులు కారణమడుగగా పెరియనంబి జటాయువును జ్ఞాపకము చేసినారు. ఒక పక్షికి శ్రీరాముడు తన చేతులతో సంస్కారము చేసినాడు. తాను రామునికంటె గొప్పవాడా, ఈ భాగవతుడు జటాయువుకంటె తక్కువవాడా అని వారి భావము.

వెలివేసినవారు లేనిదానిని చూడలేదు. మారనేరి నంబి ఆ కులమున పుట్టినమాట నిజమే. కాని పుట్టుక నిజము, దానికి కట్టిన వెల సంఘముది. ఆత్మకు స్వరూపమైన భగవద్దాస్యమును విడిచి, దేహమునంటిన స్వల్పాంశమునే వారు సర్వమనుకొనిరి. చిప్పను వెండియనుకొన్నవానికి పోయినది కడియము మాత్రమే. ఇచ్చట ఒక ఆచార్యుని కుటుంబము వెలి బాధననుభవించినది. వెలి సంఘకల్పితమే, ఆ దుఃఖము మాత్రము కల్పితము కాదు. పదిమంది తలచినంతమాత్రమున అల్పుడు కానివాడు అల్పుడు కాడు, కాని పదిమంది తలపు అతనిని గాయపరచగలదు.

ఆలయమున తీర్థము స్వీకరించి వంచిన శిరస్సుపై అర్చకులు శఠారి నుంచుదురు. స్వామి పాదములకు ప్రతిరూపమైన దానికి వేళాళకులమున అవతరించిన నమ్మాళ్వారుల పేరున్నది. ఆ పేరు క్రింద తలవంచని వైష్ణవుడు లేడు. ఆ భక్తుడే ఇల్లు చేరి, వాకిలి ఊడ్చు స్త్రీని, బియ్యపుమూట మోసి తెచ్చిన కూలివానిని చూచునప్పుడు ఏ అంశమును గ్రహించుచున్నాడు? సన్నిధిలో శిరస్సు ఒప్పుకొన్న సత్యమును ఇంటి గడపలో కన్నుకూడ ఒప్పుకొన్ననాడే యాత్ర సఫలమగును.