భయానికి ఖరీదు కట్టింది ఎవరు?

మన ఏజెన్సీ ఊళ్లలో ఇప్పుడు రాత్రిపూట కథలు చెప్పేది ఫోను. సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన పిల్లలు ముగ్గురు నలుగురు ఒక దుప్పట్లో దూరి చిన్న తెర మీద భయంకరమైన సినిమాలు చూస్తున్నారు. మొత్తం సినిమా చూసే ఓపిక లేనివాళ్ల కోసం ఆ కథను తెలుగులో చెప్పే వీడియోలూ ఉన్నాయి. "ఇది నిజంగా జరిగింది, అడవి మనుషులు మనుషుల్ని తిన్నారు" అని మొదలుపెడతారు. అలాంటి సినిమాల్లో పేరు మోసినవి కొన్ని నలభై, యాభై ఏళ్ల కిందట ఇటలీవాళ్లు తక్కువ ఖర్చుతో తీసినవి. సీతంపేట కొండల్లో, గుమ్మలక్ష్మీపురం కొండల్లో ఉండే పిల్లలకు ఇటలీ సినిమాతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. పని ఉంది. ఆ సినిమాలు కొన్నింటిలో రాక్షసులుగా నిలబెట్టింది మనలాంటి అడవి ప్రజలనే.

భయపడటంలో ఆనందం ఉంటుందన్న మాటను మేము ముందే ఒప్పుకుంటున్నాం. అది తప్పు కాదు. గెడ్డ దాటే చోట తెల్లచీర కట్టుకుని కూర్చునే దెయ్యం కథ వినకుండా మనలో ఎవరు పెరిగారు? చలికాలం నెగడు చుట్టూ కూర్చుని ఆ కథ వింటూ పక్కవాడి చెయ్యి పట్టుకున్నాం. మర్నాడు ఆ గెడ్డ ఒంటరిగా దాటినప్పుడు కొంచెం పెద్దవాళ్లమైనట్టు అనిపించింది. కథలోని భయం బతుకులోని భయానికి సాధన లాంటిది. 1978లో విఠలాచార్య తీసిన 'జగన్మోహిని'లో దెయ్యం తన కాళ్లే పొయ్యిలో కట్టెల్లా పెట్టి వంట చేస్తుంటే మన పెద్దలు కేకలు వేశారు, నవ్వారు, మళ్లీ చూశారు. అది అట్టతో, రంగుతో, కెమెరా మాయతో చేసిన పని అని అందరికీ తెలుసు. తెలిసినా భయం తగ్గలేదు, సరదా పెరిగింది.

ఇటలీ సినిమాల ఆకర్షణ కూడా మొదట అలాంటిదే. మారియో బావా 1960 నుంచి చిన్న సెట్టులో, పొగతో, రంగు దీపాలతో పెద్ద కోటలున్నట్టు, పాత శాపాలు లేచినట్టు భ్రమ పుట్టించాడు. లూచియో ఫుల్చి 1979లో 'జాంబీ 2' తీశాడు. దానికి మొదటి భాగం అంటూ ఫుల్చి తీసింది ఏదీ లేదు. అమెరికాలో రొమేరో తీసిన శవాల సినిమా ఇటలీలో 'జాంబీ' అన్న పేరుతో ఆడి డబ్బు చేసుకుంటే, ఆ పేరుకు రెండు తగిలించి అమ్ముకున్నారు. అందులో సముద్రం అడుగున నడిచే శవం సొరచేపతో కొట్లాడుతుంది. కోట్లు ఉన్నవాడు చేయడానికి వెనకాడే పని పేదవాడి సినిమా మొండిగా చేసేస్తుంది. ఆ మొండితనం కుర్రాళ్లకు నచ్చుతుంది. మాకూ నచ్చింది.

లోపాలు దాచేవి కావు. కథకు తలాతోకా ఉండదు. మాటలు తర్వాత అతికించినవి కాబట్టి పెదాలు ఒకటి పలికితే గొంతు ఇంకొకటి పలుకుతుంది. మనిషికి ఏడుపు ఎందుకొచ్చిందో చెప్పరు, కన్ను ఎలా చీలిందో మాత్రం దగ్గర నుంచి నిదానంగా చూపిస్తారు. ఎక్కువసార్లు ఆ కత్తి ఆడమనిషి మీదికే వెళుతుంది. ఇవన్నీ విమర్శకులు ఏనాడో రాశారు. మేము అడగదలచింది వేరే ప్రశ్న. తక్కువ డబ్బుతో భయం తయారు చేస్తున్నప్పుడు ఆ తగ్గిన ఖరీదు ఎవరు కడుతున్నారు?

రెండు కోర్టు కేసులు పక్కపక్కన పెట్టి చూద్దాం. 1971లో ఫుల్చి తీసిన ఒక సినిమాలో పొట్ట కోసిన కుక్కలు బతికే ఉండి కొట్టుకుంటున్నట్టు ఒక దృశ్యం ఉంది. నిజం కుక్కలనే కోశారని కేసు పెట్టారు. అప్పుడు ఆ కుక్కలను తయారుచేసిన కార్లో రంబాల్డి తన బొమ్మలను కోర్టుకు తెచ్చి చూపించాడు. దర్శకుడు జైలు తప్పించుకున్నాడు. తర్వాత 1982లో 'ఈ.టీ.' సినిమాలో పిల్లలంతా ప్రేమించిన ఆ వింత జీవిని తయారుచేసింది కూడా ఈ రంబాల్డియే. ఇక్కడ నెత్తురు చేతిపనితో పుట్టింది. ఏ ప్రాణికీ బాధ కలగలేదు.

రెండో కేసు 1980 నాటిది. రుజేరో దియొదాతో తీసిన 'కానిబల్ హోలోకాస్ట్' మిలాన్‌లో విడుదలైన కొద్ది రోజులకే కోర్టు ఆ సినిమాను స్వాధీనం చేసుకుంది. నటులను నిజంగానే చంపి తీశాడని అనుమానించారు. అతను నటులను బతికున్నట్టు అందరి ముందుకూ తెచ్చి చూపించాల్సి వచ్చింది. కొయ్యకు గుచ్చిన ఆడమనిషి దృశ్యం వెనక ఇనుప కడ్డీకి బిగించిన సైకిల్ సీటు, నోట్లో పట్టుకున్న తేలిక కర్ర ముక్క ఉన్నాయని వివరించాల్సి వచ్చింది. మనుషుల చావులు బొమ్మ చావులే. జంతువుల చావులు మాత్రం నిజం. తాబేలును, కోతిని, పందిని, పామును కెమెరా ముందు నిజంగానే చంపారు. జంతువులకు బొమ్మలు చేయించాలంటే డబ్బు కావాలి, పనివాడు కావాలి, రోజులు కావాలి. తాబేలైతే నదిలోనే దొరుకుతుంది, కోర్టుకు వెళ్లదు. తర్వాతి కాలంలో దర్శకుడే అది తెలివితక్కువ పని అని ఒప్పుకున్నాడు.

ఆ సినిమా కథ మనం తెలుసుకోవాల్సిందే. అమెజాన్ అడవిలోకి నలుగురు కెమెరావాళ్లు వెళ్లి తిరిగిరారు. వెతకడానికి వెళ్లిన ఒక ప్రొఫెసరుకు వాళ్ల ఫిల్ము డబ్బాలు దొరుకుతాయి. వాటిలో ఏముంది? ఆ కెమెరావాళ్లే అడవి ప్రజల గుడిసెలను తగలబెట్టారు, ఆడపిల్లను చెరిచారు, దాన్నంతా తెగల కొట్లాటగా చిత్రించబోయారు. చివరికి అడవివాళ్లు తిరగబడి చంపారు. అసలు నరభక్షకులు ఎవరు అని ప్రొఫెసరు తనలో తాను అడుక్కోవడంతో సినిమా అయిపోతుంది. ప్రశ్న మంచిదే. అందుకే ఆ సినిమాను గొప్పదనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రిజ్ ఒర్తొలానీ ఇచ్చిన మెత్తని సంగీతం కింద ఆ మంట చూస్తే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది.

కానీ ఆ ప్రశ్న అడిగినవాడు ఏం చేశాడు? తన కథలో కెమెరావాళ్లు చేసిన పనే తానూ చేశాడు. కెమెరా కోసం ప్రాణం తీశాడు. లోకంలో నిజంగా ఉన్న యానోమామి ప్రజల పేరు తీసుకుని ఆ పేరు మీద మనిషి మాంసం తినే దృశ్యాలు తీశాడు. సినిమా అయ్యాక ఆ అడవి మనుషుల్లో ఒక్కరి పేరు కూడా మనకు గుర్తుండదు. తెల్లవాళ్ల పాపానికి అద్దంగా మాత్రం వాళ్లు పనికొచ్చారు. సరిగ్గా ఆ 1980లలోనే బ్రెజిల్‌లో బంగారం కోసం వేలమంది బయటివాళ్లు యానోమామి అడవుల్లోకి చొరబడ్డారు. నదులలో పాదరసం కలిసింది, మలేరియా వచ్చింది, ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1992లో గానీ ఆ ప్రభుత్వం వాళ్ల భూమికి హద్దులు గుర్తించలేదు. తెర మీద వాళ్లు మనుషుల్ని తింటున్నారు. తెర బయట మనుషులు వాళ్లను తింటున్నారు.

ఈ కథ మన కొండలకు కొత్త కాదు. 1830లలో గుంసూరు యుద్ధాలప్పుడు కంపెనీ సైన్యం ఖోండుల ఊళ్లు తగలబెట్టింది, నాయకులను ఉరితీసింది. 1845 నుంచి 1861 వరకు నరబలిని ఆపడానికి మెరియా ఏజెన్సీ నడిచింది. అందులో పనిచేసిన జాన్ క్యాంప్‌బెల్ 1864లో లండన్‌లో అచ్చువేసిన పుస్తకానికి, ఖోండిస్తాన్ ఆటవిక జాతుల మధ్య తన పదమూడేళ్ల కొలువు అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. మన జాతాపులు ఖోండుల శాఖేనని పరిశోధకులు చెబుతారు కాబట్టి అది మన ఇంటి సంగతే. మెరియా బలిని మేము సమర్థించం. ఒక్క ప్రాణం పోయినా అది తప్పే. అయితే బలి ఇచ్చినవాడి పేరు లోకమంతా తెలిసింది, ఊళ్లు కాల్చినవాడికి సంస్కర్త అని పేరొచ్చింది. ఆ తర్వాత తెలుగు సినిమా కూడా ఆకులు చుట్టుకుని, ముఖాలకు రంగు పూసుకుని, హీరోను కట్టేసి మంట చుట్టూ గెంతే గుంపుగా మనల్ని చూపించింది. పట్నం కాలేజీలో మన పిల్లవాడిని "మీరు మనుషుల్ని తింటారట కదా" అని నవ్వుతూ అడిగే కుర్రాడు ఆ మాట ఎక్కడ నేర్చుకున్నాడో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. కంది కొత్తల పండుగకు మనం కోడిని కోయమా? వేట మన తాతల బతుకు కాదా? తాబేలు గురించి మాట్లాడే హక్కు మనకుందా? ఈ ప్రశ్నను పక్కకు తోసేయకూడదు. అక్కడ చంపిన జంతువులను తర్వాత తిన్నారని కూడా ఆ సినిమా తరఫువాళ్లు చెప్పుకున్నారు. మా సమాధానం ఇది. కోయడం వేరు, కొట్టుకుంటుంటే చూడమని పిలవడం వేరు. పండుగలో కోడిని ఆలస్యం చేసి కోస్తే, దాని బాధను ఆటగా చేస్తే పెద్దలు తిడతారు. ఆకలికో మొక్కుకో తీసిన ప్రాణం ముందు మనిషి కొంచెం తల వంచుతాడు. ఆ సినిమాలో తాబేలు బాధే అమ్మకపు సరుకు. ఈ కొలత మనకూ వర్తిస్తుంది. మన పండుగలో కోతను ఫోనులో తీసి నవ్వుతూ పంచుకునే కుర్రాడు అదే దారిలో ఉన్నాడు.

ఇంకా దగ్గరికి వస్తే మరో సంగతి ఉంది, అది చెప్పడానికి మాకే కష్టంగా ఉంది. చిల్లంగి. ఊళ్లో వరుసగా జ్వరాలు వస్తాయి, ఆవు చనిపోతుంది, పసిబిడ్డ పోతుంది. భయం పుడుతుంది. ఆ భయానికి ఒక ముఖం కావాలి. దిక్కులేని ముసలమ్మో, భూమి తగాదా ఉన్న ఒంటరి మనిషో దొరుకుతారు. చిల్లంగి నెపంతో మన ఏజెన్సీలో మనుషులను కొట్టారు, చంపారు. ఇటలీవాడు తన భయానికి యానోమామి ముఖం తగిలించాడు. మనం మన భయానికి పక్కింటి అవ్వ ముఖం తగిలించాం. తిరిగి మాట్లాడే బలం లేనివాడి మీదికి భయాన్ని తోసేయడం రెండు చోట్లా ఒకటే. బయటివాళ్లు మనల్ని రాక్షసులుగా చూపించారని కోపం ఉన్న మనం ముందు మన ఊరి అవ్వ పక్కన నిలబడాలి.

భయాన్ని మర్యాదగా పెట్టుకునే పద్ధతి కూడా మన దగ్గరే ఉంది. సరిహద్దు అవతల ఒడిశా కొండల్లో సవరల మధ్య ఏళ్ల తరబడి గడిపిన పియర్స్ విటెబ్‌స్కీ 1993లో చనిపోయినవారితో సంభాషణల గురించి ఒక పుస్తకం రాశాడు. అక్కడ చనిపోయినవాడు తిరిగి వస్తాడు. పూనకంలో ఉన్న మనిషి నోట మాట్లాడతాడు. బతికున్నవాళ్లు అతనితో ఏడుస్తారు, తగవు పడతారు, ఎందుకు పోయావని అడుగుతారు, బుజ్జగించి పంపుతారు. ఫుల్చి సినిమాలో కూడా శవం లేచి వస్తుంది, కానీ దానికి కొరకడం తప్ప మాట రాదు. దానితో చేయగలిగింది తల పగలగొట్టడమే. చనిపోయినవాడికి కూడా నోరిచ్చిన సంప్రదాయం మనది. అలాంటి మనం బతికున్న మనిషి నోరు నొక్కే సినిమాను ఊరికే మింగకూడదు.

అందుకని టీచర్లకు మా విన్నపం ఒక్కటే. ఫోను లాక్కోకండి. లాక్కుంటే ఆ సినిమా ఇంకా రుచిగా తయారవుతుంది. పక్కన కూర్చుని మూడు మాటలు అడగండి. ఈ నెత్తురు చేసిందా, తీసిందా? ఇందులో పేరు ఎవరికి ఉంది, పేరు లేనిది ఎవరికి? రేపు పొద్దున్న ఈ భయం ఎవరి మీద పడుతుంది? 'జగన్మోహిని' దెయ్యం ఈ మూడింటికీ నవ్వుతూ జవాబు చెబుతుంది. రంబాల్డి కుక్కలూ చెబుతాయి. ఆ తాబేలు చెప్పలేదు.

యువతకు ఇంకో మాట. మీ చేతిలో ఇప్పుడు కెమెరా ఉంది. గెడ్డ దగ్గర దెయ్యం కథ తీయండి. బీట్‌రూట్ రసం, గంజి కలిపితే కావలసినంత నెత్తురు వస్తుంది. ఊరంతా కేకలు పెట్టాలి. సినిమా అయ్యాక చీకట్లో ఒంటరిగా ఇంటికి నడిచే ముసలమ్మకు మాత్రం ఏ భయమూ ఉండకూడదు.