మబ్బు పట్టిన వేళ

వేసవి సెలవులలో బిడ్డలను వెంటబెట్టుకొని తోటలకును, కాలువగట్లకును, కొండవాలులకును పోవుట విద్యావంతుల కుటుంబములలో మంచి యలవాటుగా పాదుకొనుచున్నది. పుస్తకములో బొమ్మగా మాత్రమే ఎరిగిన ప్రాణిని బిడ్డలు కన్నులార చూడవలెనని పెద్దలు కోరుదురు. పరుగెత్తవలెనని పిల్లలు కోరుదురు. ఈ రెండు కోర్కెలకును సీతాకోకచిలుక చక్కగా సరిపోవును. అది పులివలె అడవికి పోయినగాని కనబడనిది కాదు. పామువలె భయపెట్టునదియు కాదు. నిమ్మచెట్టు గల పెరడో, జిల్లేడు మొలచిన బీడో ఉన్న చాలును. కావున "రండి, సీతాకోకచిలుకలను చూపెదము" అని తల్లిదండ్రులు సులభముగా మాట యిత్తురు. అయితే ఈ మాట చెల్లించుట వారి చేతిలో లేదు. ఆకాశము చేతిలో నున్నది. ఆకాశము మొగము చాటువేసిన దినమున పెద్దలు బిడ్డలకు ఏమి ఋణపడియున్నారు? సీతాకోకచిలుకనా, సత్యమునా? ప్రశ్న చూచుటకు చిన్నది. కాని మన గృహవిద్య యొక్క స్వభావమంతయు దీనిలో ఇమిడియున్నదని మా యభిప్రాయము.

మన సెలవుల కాలమే నిలకడలేని కాలము. రోహిణికార్తె యెండకు రోళ్లు పగులునని సామెత. ఆ యెండలోనే ఒకనాటి సాయంకాలము కారుమబ్బు లేచి, దుమ్ము రేగి, నాలుగు పెద్దచినుకులు కురిసి, మామిడికాయలను నేలరాల్చి పోవును. జూను మొదటి దినములలో నైఋతి ఋతుపవనము మన సీమను తాకును, మృగశిర చొచ్చును, తొలకరి పడును. బడులు తెరచునాటికి ఆకాశము గడియకొక రూపున నుండును. ఆ తొలకరికే బీళ్లు పచ్చబడి, లేతచిగుళ్లు పుట్టి, గొంగళిపురుగులకు ఆహారము దొరకును. సీతాకోకచిలుకలకు మేలుచేయు కాలమును, వానిని మన కంటికి మరుగుచేయు కాలమును ఇట్లు కలిసియే వచ్చును.

సీతాకోకచిలుకకు మనవలె లోపలి వేడిని ఒక్కతీరున నిలుపుకొను శక్తి లేదు. దాని రెక్కల నాడించు కండరములు తగినంత వెచ్చబడినగాని పనిచేయవు. అందుచే ఉదయమున అది ఆకుపై వాలి ఎండ కాగుచుండును. కొన్ని జాతులు రెక్కలు విప్పి కాగును, కొన్ని రెక్కలు మూసి ప్రక్కవాటుగా ఒరిగి కాగును. మధ్యాహ్నపు టెండ మితిమీరినచో నీడకు చేరును. మబ్బు కమ్మి చల్లగాలి తిరిగినచో రెక్కలు దగ్గరజేర్చి ఆకు క్రిందనో, గడ్డిపోచపైననో అణగియుండును. దాని దేహముతో పోల్చిచూచినచో వానచినుకు గొప్ప బరువు. అరకు వంటి ఎత్తైన చోట్లను, తిరుమల కొండమీదను ఈ మార్పు మైదానములకంటె స్పష్టముగా కనబడును. తిరుమల పేరెత్తినందున ఒక విశేషము చెప్పవలెను. నీలిచారలు గల సీతాకోకచిలుకల గణమొకదానికి ఫ్రెడరిక్ మూర్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు 1880లో "తిరుమల" యనియే పేరు పెట్టెను. ఆ గణమువారు, గన్నేరుచెట్టుపై పెరుగు నల్ల సీతాకోకలతో కూడి, నైఋతి వర్షముల తరుణమున పడమటి కనుమలను విడిచి తూర్పునకు గుంపులుగా తరలుటయు, వర్షములు వెనుకబడిన పిమ్మట పడమటికి మరలుటయు శాస్త్రజ్ఞులు గమనించిరి. మన విహారమునకు అడ్డమువచ్చిన మబ్బు వానికి ప్రయాణముహూర్తము. ఆకాశము మనకొరకు ఏర్పడినది కాదన్న సంగతి బిడ్డలకు ఇంతకంటె హాయిగా ఎట్లు తెలుపగలము?

ఇక ధర్మసంకటము కలుగు గడియను చూతము. ఎండ కాయునంతసేపు పిల్లవాడు ఎంత పరుగెత్తినను సీతాకోకచిలుక చిక్కదు. ఆ యాటలో దానిదే పైచేయి. మబ్బు పట్టగనే ఆట తీరు మారును. రెండు గంటలు తిరిగి ఏమియు చూడక విసిగిన బిడ్డ ఏడుపుమొగము పెట్టును. తన మాట చెల్లలేదని తండ్రికి చిన్నతనముగా నుండును. అట్టి సమయమున ఆకు క్రింద ముడుచుకొని కదలలేని సీతాకోకచిలుక యొకటి కంటబడును. చేయి చాచినంత మాత్రమున అది దొరకును. "పట్టుకొనుము, నాయనా!" అను మాట ఎంత సులభముగా నోటికి వచ్చును!

ఆ మాటలో దాగియున్న పాఠము ఇది: బాగుగానున్న ప్రాణిని దూరమునుండి మెచ్చుకొనుము, కాలము దానికి ఎదురుతిరిగినపుడు చేయి వేయుము. పాఠము చెప్పుచున్నానని తండ్రి యెరుగడు. నేర్చుకొనుచున్నానని బిడ్డ యెరుగడు. కాని పంట పోయిన యేట రైతు పొలమును సగము వెలకు వ్రాయించుకొనువాడును, దిక్కులేని వితంతువు కూలిలో కోత పెట్టువాడును ఈ పాఠమునే పెద్దయక్షరములతో చదివినవారు. ఇతరుల దుర్దినము మనకు సుదినమని తలచు బుద్ధి పెద్దతనమున ఒక్కమారుగా పుట్టదు. ఇట్టి చిన్న చిన్న గెలుపులతో పెరిగి పెద్దదగును.

"రెక్కలు పట్టి విడిచినంతనే ఏమి మునిగినది?" అని కొందరడుగుదురు. వేళ్లకంటిన రంగుపొడిని వారు చూడవలెను. అది పొడి కాదు. ఇంటికప్పు మీది పెంకులవలె ఒకదానిపై నొకటి పరచిన సన్నని పొలుసులు. ఊడిన పొలుసు మరల మొలవదు. నాలుగు పొలుసులు పోయినంతనే ప్రాణము పోదనుట నిజమే. అయినను కొలదివారముల యాయువు గల దేహమునుండి మన వినోదమునకై తీసికొన్నదానిని మరల ఈయజాలమను సంగతి బిడ్డకు చెప్పవలెనా, వలదా?

మన పిల్లల ఆటలలో తూనీగ తోకకు దారము కట్టి ఎగురవేయుట యొకటి. పెద్దలు దీనిని చూచి "పిల్లచేష్ట" యని నవ్వి యూరకుందురు. ఈ సందర్భమున మహాభారతములోని మాండవ్యుని కథ తలపునకు వచ్చుచున్నది. దొంగలు చేసిన నేరము తనపై బడగా ఆ ముని కొరత వేయబడెను. ఏ పాపమునకు నాకీ శిక్ష యని యమధర్మరాజును అడుగగా, బాల్యమున పురుగుల తోకలలో గడ్డిపరకలు గ్రుచ్చితివని యముడు బదులుచెప్పెను. ఎరుకలేని వయసున చేసిన అల్పదోషమునకు ఇంత దండనయా యని ముని కోపించి, మానవుడవై పుట్టుమని యముని శపించెను. ఆ శాపముననే విదురుడు జన్మించెను. పదునాలుగేండ్లు నిండని బాలుని చేతకు పాపము లేదని ఆ మునియే నాడు మర్యాద యేర్పరచెను.

ఈ మర్యాద న్యాయమైనదే. బిడ్డను పెద్దవానివలె శిక్షించు లోకము క్రూరలోకము. అయినను కథ విన్నపుడెల్ల మాకొక సందేహము కలుగుచుండును. ముని తీర్పువలన బాలుని పాపము తొలగినది. గ్రుచ్చబడిన పురుగు బాధ తొలగినదా? బాధ యున్నచోట బాధ్యత యెక్కడనో ఉండితీరవలెను. అది బాలునిది కాదందుమేని, ప్రక్కన నిలిచి చూచి నవ్విన పెద్దలకు చేరును. మాండవ్యుడు బిడ్డలను విడిపించెను, తల్లిదండ్రులను విడిపింపలేదు.

శాస్త్రాభిమానులు ఒక యాక్షేపము తెత్తురు. పట్టక, చంపక, సూదికి గ్రుచ్చక జ్ఞానమెట్లు పెరుగునని వారి ప్రశ్న. సంగ్రహాలయములలోని నమూనాలు లేకున్న మూర్ వంటివారు జాతులను వేరుచేసి పేరిడజాలకుందురు. దీనిని మేము కాదనము. కాని శాస్త్రజ్ఞుడు ఒక ప్రశ్నతో పోవును. తీసికొన్నదానికి చోటును తేదీని వ్రాసి, తరములవారికి పనికివచ్చునట్లు భద్రపరచును. పుస్తకపు పుటల నడుమ నొత్తి పదిదినములలో మరచిపోవు రెక్కకు ఆ గౌరవము చెల్లదు. మన దేశమున 1972లో చేయబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము పెక్కుజాతుల సీతాకోకచిలుకలకు రక్షణ కల్పించినది. ఆ రక్షణ యవసరమే. అయినను చట్టభయమొక్కటియే బిడ్డ మనస్సునకు పునాది కాజాలదు.

జ్ఞానమునకు వేరొక దారి కలదని చూపినవారిలో జర్మనీదేశపు మరియా సిబిల్లా మేరియన్ ముఖ్యురాలు. ఈమె 1647లో ఫ్రాంక్‌ఫర్టు నగరమున జన్మించి, పదుమూడవయేటనే పట్టుపురుగులను పెంచి వాని మార్పులను గమనింప మొదలిడెను. 1699లో, ఏబదిరెండేండ్ల వయసున, చిన్నకూతురిని వెంటబెట్టుకొని సముద్రము దాటి దక్షిణ అమెరికాలోని సురినాము దేశమునకు పోయెను. 1705లో వెలువడిన ఆమె గ్రంథమున గొంగళి, గూడు, సీతాకోకచిలుక అను దశలు, ఆ గొంగళి తిను మొక్కతో కూడ, ఒక్కపటమున కనబడును. ఆమెయు నమూనాలను సేకరించినదే. కాని ఆమెకు కీర్తి తెచ్చినవి సూదికి గ్రుచ్చిన రెక్కలు కావు. బ్రదికియున్న పురుగు ఏమి తినునో, ఎట్లు మారునో దినదినమును కనిపెట్టిన ఓర్పు. మగపిల్లలను కొండకు తీసికొనిపోయి ఆడపిల్లలను వంటయింట నిలుపువారు ఈ తల్లిని, ఈ కూతురిని తలచుకొందురుగాక.

మబ్బువేళ కలుగు రెండవ ప్రలోభము చేతిది కాదు, నోటిది. ఏమియు లేనిచోట "అదిగో, ఎగిరిపోయినది, చూచితివా?" అని పెద్దలందురు. పెద్దలను సంతోషపెట్టుటకై "చూచితిని" అని బిడ్డ యనును. ఇరువురును ఒకరి కొకరు ప్రేమతోనే అసత్యమాడుదురు. ప్రేమతో నాడినందుననే అది హానిలేనిదిగా తోచును. ఆ బిడ్డ మాత్రము కన్నుకంటె ఎదుటివారి యిష్టమును నమ్ముట ఆనాడే నేర్చును.

నిజముగా చూచినపుడును తొందరపాటు తగదు. జిల్లేడాకు తిని పెరిగిన నారింజవన్నె సీతాకోకచిలుక దేహమున చేదువిషముండుటచే పక్షులు సాధారణముగా దాని జోలికి పోవు. వేరొక జాతిలోని ఆడుది, తనకట్టి విషము లేకున్నను, అచ్చముగా ఆ వేషమునే ధరించి ఆ రక్షణ పొందును. మనము పప్పులో వేసికొను గంగపావిలికూరయే దాని గొంగళికి ఆహారము. దాని మగది నల్లని రెక్కలపై తెల్లని మచ్చలతో పూర్తిగా వేరుగా నుండును. ఇట్టివానిని ఎదుట పెట్టుకొని "ఇది ఏదియో నాకు తెలియదు, మరల చూతము" అని తండ్రి యనినచో, ఆ మాట బిడ్డకు పది పేర్లు వల్లించుటకంటె మేలుచేయును.

ఏమియు కనబడకుండుట కూడ ఒక సత్యమే. బ్రిటనులో 1976 నుండి నియతమైన దారులలో నడచి సీతాకోకచిలుకలను లెక్కించు పద్ధతి కలదు. సెంటిగ్రేడు కొలతను వేడి 13 డిగ్రీలకు తగ్గిన దినమున ఆ లెక్కకు బయలుదేరరాదు. 13కును 17కును నడుమ నున్నచో ఎండ తగినంత కాయుచుండవలెను. చలికి దాగినవానిని లేనివిగా పొరబడకుండుటకే ఈ నియమము. 2010 నుండి కుటుంబములు పిల్లలతో కూడ పాల్గొను వేసవి లెక్క మరియొకటి అచ్చట జరుగుచున్నది. 15 నిమిషములు గమనించి కనబడినవానిని వ్రాయవలెను. ఏమియు కనబడకున్న ఆ సంగతియే వ్రాయవలెను. 2023లో ఒక్కొక్క లెక్కకు సగటున 12 కనబడగా, వసంతము వానలతోను వేసవి చల్లదనముతోను గడచిన 2024లో 7 మాత్రమే కనబడెను. లెక్క మొదలిడిన నాటినుండి అంత తక్కువ యెన్నడును లేదు. ఇంటింటను బిడ్డ సంతోషమునకై రెండేసి మూడేసి కలిపి వ్రాసియున్నచో ఆ కీడు మరుగుపడి యుండెడిది. మన దేశమునను 2020 నుండి సెప్టెంబరు మాసమున ఇట్టి గణన జరుగుచున్నది. కావున శూన్యమును శూన్యమని వ్రాయు బిడ్డ ఓడిపోయినది కాదు; లోకమునకు పనికివచ్చు సాక్ష్యము నిచ్చినది.

అట్లని మబ్బుదినము వట్టిదినమని తలపరాదు. ఎగురునది అణగినను ఆకుచాటు సంసారము ఆగదు. కరివేపచెట్టునో, నిమ్మచెట్టునో మెల్లగా వెదకినచో లేతాకులపై పిట్టరెట్టవలె కనబడు చిన్నగొంగళులు దొరకును. పెరిగినపిదప అవి ఆకుపచ్చగా మారును; బెదిరినపుడు తల వెనుకనుండి చీలికకొమ్మువంటిది వెలికి చాచి ఘాటైన వాసన విడుచును. పిల్లలు దీనిని ఒకమారు చూచిరేని మరువరు. జిల్లేడుపై తెలుపు, నలుపు, పసుపు పట్టెల గొంగళి కనబడును. ఇచ్చట గృహిణులకొక మనవి. సీతాకోకచిలుకను మెచ్చుకొని గొంగళిని నలిపివేయుట పండు కోరి పూవును త్రుంచుట వంటిది. కరివేపచెట్టున ఒక కొమ్మను మందు చల్లక దానికి విడిచినచో మన చారునకు వచ్చు లోటు లేదు.

మరియొక జాగ్రత్త. ఉరుము వినబడినపిదప చెట్టుక్రింద నిలువక వెంటనే ఇల్లు చేరవలెను. సగము దారినుండి మరలుట కూడ బిడ్డకు నేర్పవలసిన విద్యయే.

బిడ్డలకు నిరాశ తగులనీయరాదని యెంచు తల్లిదండ్రుల ప్రేమను మేము తక్కువచేయుట లేదు. కాని నిరాశనుండి కాపాడుటకై బలహీనునిపై చేయి వేయుటయో, అసత్యమాడుటయో నేర్పవలసివచ్చినచో ఆ కాపుదల మిక్కిలి ఖరీదైనది. మాట యిచ్చునపుడే సరిచూచుకొని యిత్తము. "సీతాకోకచిలుకలను చూపెదము" అనుటకు మారుగా "వెదకుదము, రండి" యందుము. ఈ మాటను ఎండలోను చెల్లింపవచ్చును, మబ్బులోను చెల్లింపవచ్చును.