ప్రొద్దు గ్రుంకకమునుపు

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 24:6–15, యాకోబు 5:4

ఒక కర్మాగారము మూతపడి ఆస్తులు వేలమునకు వచ్చినప్పుడు, తాకట్టు పత్రములు చేతబట్టుకొని మొదట వచ్చువారు అప్పిచ్చినవారు. గేటు వెలుపల నిలిచియున్న కార్మికుని చేతిలో గుర్తింపు కార్డును కొన్ని జీతపు చీటీలును మాత్రమే యుండును. అయినను అతడును అప్పిచ్చినవాడే. నెలంతయు పనిచేసి పిమ్మట జీతము పుచ్చుకొను ప్రతివాడును తన యజమానునికి నెలనెలయు ఋణమిచ్చుచున్నాడు. బ్యాంకు లెక్కలు పరీక్షించి, హామీ తీసికొని, వడ్డీ నిర్ణయించి ఇచ్చును. కార్మికుడు ఏ లెక్కయు చూడక, ఏ హామీయు అడుగక ఇచ్చును. తాను ఋణదాతనని అతనికి తెలియునది జీతము ఆగిన నాడే.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఈ యిద్దరిని ఒకేచోట నిలువబెట్టుచున్నది. బోధకులు తరచుగా కూలివాని సంగతిని 14వ వచనమునుండి మొదలుపెట్టి, దానికి పైనున్న తాకట్టు విధులను వేరొక విషయముగా విడిచిపెట్టుదురు. అది పొరపాటు. తిరుగటి రాతిని తాకట్టు పెట్టించుకొనుట ప్రాణమును తాకట్టు పెట్టించుకొనుటతో సమానమని 6వ వచనము చెప్పుచున్నది. అప్పిచ్చినవాడు బీదవాని యింటిలో చొరబడక వెలుపల నిలువవలెను. అతడు కప్పుకొను వస్త్రమును ప్రొద్దు గ్రుంకునప్పటికి తిరిగి ఇయ్యవలెను. ఆ వెంటనే కూలివాని జీతము, దానికిని ప్రొద్దు గ్రుంకుటయే గడువు. పై వచనములో ప్రాణమని చెప్పబడిన హెబ్రీ మాట నెఫెష్. 15వ వచనములో అదే మాట మరల వచ్చును: కూలివాడు తన నెఫెష్‌ను ఆ కూలివైపునకు ఎత్తుచున్నాడు. దీనిని ఆశించుటయని తెనిగించిన తప్పు లేదు గాని, మూలములోని బరువు ఆ తెలుగు మాటకు లేదు. తిరుగటి రాయి పోయినను, కూలి రాకపోయినను, పోవునది ఆ ప్రాణమే. ఈ అధ్యాయము అప్పును గాని తాకట్టును గాని నిషేధింపలేదు. అప్పిచ్చినవాని హక్కు ఎచ్చట ఆగవలెనో చూపినది.

భారతదేశపు చట్టము ఈ హద్దును గుర్తించుటకు చాల కాలము పట్టెను. కంపెనీని మూసివేయు విచారణలో కార్మికులు తమ మాట వినిపించుకొనవచ్చునని సుప్రీంకోర్టు 1982లో జౌళి కార్మికుల వ్యాజ్యమునందు తీర్పు చెప్పెను. 1985లో, నాటి కంపెనీల చట్టమునకు 529-ఎ సెక్షను చేర్చబడి, కార్మికుల బకాయి తాకట్టు ఋణదాతల బాకీతో సమాన స్థానము పొందెను. 2016 నాటి దివాలా స్మృతి 53వ సెక్షను ఆ సమానత్వమును నిలిపినది గాని, దానికి కాలపరిమితి పెట్టినది. ప్రక్రియకైన ఖర్చులు తీరిన పిమ్మట, లిక్విడేషను ఆరంభమునకు ముందటి 24 నెలల బకాయికి మాత్రమే ఆ స్థానము. చట్టము కార్మికులుగా ఎంచని యితర ఉద్యోగులకు దాని క్రింది వరుసలో 12 నెలల జీతము. అంతకు పూర్వపు బకాయి ప్రభుత్వ బాకీల వెనుక నిలువవలెను. అంతదూరము సొమ్ము చేరుట అరుదు. మిల్లు మరల తెరచుకొనునని జీతము లేకయే ఏండ్లకొలది కనిపెట్టినవాడు ఆ కనిపెట్టుట వలననే నష్టపోవును.

అయితే ప్రావిడెంటు ఫండు, పింఛను, గ్రాట్యుటీ నిధులలోని సొమ్ము పంచిపెట్టవలసిన ఆస్తిలో చేరదని అదే స్మృతి 36వ సెక్షను చెప్పుచున్నది. 2019 ఏప్రిలులో విమానములు నిలిపివేసిన జెట్ ఎయిర్‌వేస్ వ్యవహారములో, కార్మికులకును ఉద్యోగులకును ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ పూర్తిగా చెల్లింపవలెనని అప్పీలు ట్రిబ్యునలు 2022లో తీర్పు చెప్పగా, 2023 జనవరిలో సుప్రీంకోర్టు దానిలో జోక్యము చేసికొనలేదు. అయినను కంపెనీని కొనదలచినవారి ప్రణాళిక నెరవేరక, 2024 నవంబరులో ఆ న్యాయస్థానమే లిక్విడేషనుకు ఆజ్ఞాపించెను. అప్పటికి ఐదేండ్లు దాటినవి. అన్ని సాయంకాలములు ఆ కుటుంబములు ఎట్లు గడిపెనో తీర్పు ప్రతులలో కనబడదు.

దివాలా తీసిన ప్రతి యజమానుడును యాకోబు గద్దించిన ధనికుడని చెప్పరాదు. గిరాకి తగ్గి, అప్పు పెరిగి, తన యిల్లు కూడ పోగొట్టుకొన్న నిజాయితీపరులు కలరు. సంఘము వారినిగూర్చియు ప్రార్థింపవలెను. కాని కార్మికుని జీతమునుండి ప్రావిడెంటు ఫండు వాటా కోసికొని దానిని కట్టక వాడుకొనుట దురదృష్టము క్రిందికి రాదు. ఆ సొమ్ము ఏనాడును యజమానునిది కాదు. యాకోబు పత్రికలో కోతవారికంటె ముందుగా బిగపట్టబడిన కూలియే మొఱ్ఱ పెట్టుచున్నది. ఆ మొఱ్ఱ ఎవరి చెవిని చేరెనో చెప్పునప్పుడు, గ్రీకు మూలము సబావోత్ అను హెబ్రీ మాటను అనువదింపక అట్లే యుంచినది. సైన్యములకు అధిపతియైనవాని యెదుట ఆ బాకీకి 24 నెలల హద్దు లేదు.

ఈ మాట మిల్లులకే చెందునని సంఘములు తలంచిన యెడల మోసపోవును. ఆదరణ తగ్గిన క్రైస్తవ ఆసుపత్రిలోని వార్డు ఆయా, మూతపడిన ముద్రణాలయములోని పనివాడు, గుడి కావలివాడు, వీరి జీతము నెలలకొలది ఆగినప్పుడు, ఇది పరిచర్య గనుక సహింపుమని చెప్పు కమిటీలు లేకపోలేదు. పరిచర్య యను పేరు కూలిని చిన్నది చేయదు. భవన నిధికి పిలుపిచ్చుటకు మునుపు కోశాధికారి ఆ బకాయిల పుటను తెరచి చదువవలెను.

చేయదగిన చిన్న పనులు కొన్ని కలవు. దివాలా ప్రక్రియ మొదలైనప్పుడు హక్కుదారులను పిలుచు బహిరంగ ప్రకటన ఒక ఆంగ్ల పత్రికతోపాటు ఒక ప్రాంతీయ భాషా పత్రికలోను పడును. గడువులోపల లెక్కను, నియామక పత్రమును, జీతపు చీటీలను, ప్రావిడెంటు ఫండు పాసుపుస్తకమును సమర్పింపవలెను. అనేకుల పక్షముగా ఒక ప్రతినిధియు దాఖలు చేయవచ్చును. చదువురాని కార్మికుడు ఆ ప్రకటనను చూడకపోవచ్చును. కాపరి దానిని కత్తిరించి యుంచి, ఆదివార ఆరాధన ముగిసిన పిమ్మట చదివి వినిపింపవచ్చును. సంఘములోని బ్యాంకు ఉద్యోగియో లెక్కల గుమాస్తాయో ఆ మధ్యాహ్నము గుడి వరండాలో బల్ల వేసికొని కూర్చుండి, ఒక్కొక్కరి కాగితములు సరిచూచి, ఫారము నింపి పెట్టవచ్చును. ప్రొద్దు గ్రుంకకమునుపే ఆ పని ముగించవచ్చును.