ఘటములు పెక్కు, అగ్ని యొక్కటి

జంషెడ్‌పురమున, బిష్టుపురములోని ఆంధ్రభక్త శ్రీరామమందిరమున, ఉక్కు కార్ఖానా పనికై వచ్చి తరతరములుగా స్థిరపడిన తెలుగువారి నడుమ కూర్చుండి బాల్యమున నేను వినిన వేదాంతోపన్యాసములలో నాకు మిగిలినది ఘటాకాశ దృష్టాంత మొక్కటియే. కుండలోని ఆకాశము కుండవలన చిన్నదిగా తోచునే గాని, కుండ పగిలినప్పుడు అది ఎక్కడికిని పోనక్కరలేదు. అది ఎన్నడును వేరుగా నుండినది కాదు. ఈ మాట సత్యమా, సత్యమైనచో నెంతవరకు సత్యము అను ప్రశ్న, దశాబ్దములు గడచిన పిదప, ఈ ఊరిలోనే పెక్కుమంది పంచుకొను ఒక జి.పి.యు. సర్వరు నెదుట నాకు మరల కలిగినది.

పూర్వము ఆ సర్వరుపై అందరును ఒక్క పైథాన్‌నే వాడుచుండిరి. ఉక్కుపలకల ఛాయాచిత్రములలో పగుళ్లను గుర్తించు నమూనాకు శిక్షణ నిచ్చువాడు తనకు కావలసిన పైటార్చ్ వెర్షన్‌ను ఎక్కించుకొనగా, మరియొకరు నెలనాళ్లు శ్రమించి నడపుకొనుచున్న ప్రయోగము మరునాటి ఉదయమునకు కదలక నిలిచిపోయెడిది. వర్చువల్ ఎన్విరాన్‌మెంటు పైథాన్ లైబ్రరీలను వేరుచేయును గాని వానిక్రింది సిస్టమ్ లైబ్రరీలను ముట్టదు. అందువలన, 2013లో డాకర్ వెలువడిన తరువాత లోకమున వ్యాపించిన కంటైనరులు మాకును శరణ్యమైనవి. పదిమంది వాడు యంత్రముపై డాకర్ అనుమతి నిచ్చుట రూట్ అధికారము నిచ్చుటతో సమానము గనుక, వాడుకరి తన అధికారముతోనే నడపుకొనగల సింగ్యులారిటీ, ఇప్పటి పేరున అప్‌టెయినర్, ఇటువంటి చోట్ల ఆదరము పొందినది.

కంటైనరు మరియొక యంత్రము కాదు. వర్చువల్ మెషీనుకు వలె దానికి స్వంత కెర్నెలు లేదు. అందరికిని ఆధారమైన కెర్నెలే, ఒక్కొక్క ప్రాసెసుకు ఒక్కొక్క పరిమిత దృశ్యమును చూపుచు, ఇవి నీ ఫైళ్లు, వీరు నీ తోటివారు అని తెలుపుచుండును. డాకర్ కంటైనరులో మొదట పుట్టిన ప్రాసెసు తన సంఖ్య ఒకటి యని యెరుగును. ఆ లోకమునకు తానే ఆద్యుడనని తలచుట కది చాలును. వెలుపలినుండి చూచువానికి అదే ప్రాసెసు వేలాది సంఖ్యలలో నొక సంఖ్య. గోడ యనునది అచట లేదు. ఉన్నది దృష్టికి విధింపబడిన మేర మాత్రమే. కుండవలె, లేని పరిమితిని తోపించు ఉపాధి యనగా నేమో నాకు గ్రంథములకన్న ఇది స్పష్టముగా బోధించినదని చెప్పుటకు సంకోచింపను.

మాండూక్యకారికల మూడవ ప్రకరణమున గౌడపాదులు, ఒక ఘటాకాశము ధూళిచేతను ధూమముచేతను నిండినను తక్కిన ఘటాకాశములు మలినములు కావని చూపిరి. లైబ్రరీల విషయమున ఇది అక్షరాలా నిజము: నా కంటైనరులో నేనెంత కల్లోలము చేసికొన్నను, ప్రక్కవాని పైథాన్‌కు ఆ ధూళి సోకదు. కాని జి.పి.యు. మెమరీకడ దృష్టాంతము నిలువదు. సి.పి.యు.ను, సాధారణ మెమరీని మితముచేయు సీగ్రూపులు మా సర్వరులోని కార్డులమీది మెమరీకి మితి విధింపలేవు. టెన్సర్‌ఫ్లో వంటిది, వలదని చెప్పనిచో, కార్డుమీది మెమరీనంతను దాదాపుగా తానే ఆక్రమించును. అదే కార్డు నిచ్చిన రెండవ కంటైనరు అవుట్ ఆఫ్ మెమరీ యని పడిపోవును. 2020లో వచ్చిన ఏ100 వంటి కార్డులను ఏడు భాగములవరకు విడదీయవచ్చును గాని అన్ని కార్డులకును ఆ సౌకర్యము లేదు. ఇక డ్రైవరు చెడెనా, ఘటములన్నియు నొక్కసారిగా నిలిచిపోవును.

ఆకాశము ఎందరికి పంచినను తరుగదు. 1912లో తొలి ఉక్కు దిమ్మెను పోసిన ఈ ఊరివారికి తరుగు వస్తువు తెలియును: కొలిమినుండి ఒక లేడిల్‌లోనికి పోయిన ద్రవలోహము మరియొకదానికి లేదు. కార్డుమీది మెమరీయు అట్టిదే. వేదాంతి యైన భాస్కరుని మతమును ఖండించుచు రామానుజులు, అవిభాజ్యమైన బ్రహ్మమునకు ఉపాధులను తగిలించినచో వాని దోషములు బ్రహ్మమునకే తగులునని వాదించిరి. అద్వైతమున పెరిగిన నాకు ఆ ఆక్షేపము చిరకాలము తార్కికుల పట్టుదలగనే తోచినది. ఈ యంత్రము నెదుట దాని బరువు తెలిసినది. భేదము మిథ్య యైనంతమాత్రమున పొరుగువాడు మిథ్య కాడు. ఆధారమొక్కటే యని యెరిగినవానికి, ఎరుగనివానికన్న ఎక్కువగా, తాను తీసికొన్నది ఎవరికి లేకపోయెనో చూచుకొనవలసిన బాధ్యత కలదని నా నమ్మిక.

మొన్న రాత్రి, కార్డుల వాడుకను చూపు ఎన్విడియా-ఎస్.ఎం.ఐ. పట్టికను చూచుచుండగా, రెండవ కార్డుమీద లెక్క యేదియు నడపకయే మెమరీలో ముప్పాతిక భాగమును పట్టుకొనియున్న ప్రాసెసు ఒకటి కనబడినది. అది మూడు దినముల క్రిందట నేను తెరచి మరచిన నోట్‌బుక్కు. నా కంటైనరులోనుండి చూచిన ఆ మూడు దినములును నాకు ఏ లోపమును కనబడలేదు. దానిని ఆపితిని. కొంతసేపటికి, ఎవరిదో నేనెరుగని శిక్షణ ఆ స్థలమున మొదలైనది.