మంచి యజమాని చాలునా?

యజమాని మంచివాడైతే చాలదా అని మిత్రులు కొందరు అడుగుతూంటారు. వారికి నేను డిస్కార్డ్ రికార్డుల సంస్థను ఉదాహరణగా చూపుతాను.

1980లో వాషింగ్టన్ నగరంలో టీన్ ఐడిల్స్ అనే కుర్రకారు రాక్ బృందం విడిపోయింది. కచేరీల వల్ల కూడిన సొమ్మును వాటాలు వేసుకోక, తమ ఎనిమిది పాటలను తామే రికార్డుగా తెచ్చారు. ఆ బృందంలోని ఇయన్ మకాయ్, జెఫ్ నెల్సన్ మొదలైనవారు ఇందుకోసమే డిస్కార్డును స్థాపించారు. వెయ్యి ప్రతులు, అట్టలు స్వయంగా మడిచి అంటించారు. తరువాత కూడా దాదాపుగా తమ ఊరి బృందాల పాటలే వేశారు. ఒప్పంద పత్రాలు రాయించుకోలేదు. ధర తక్కువగా ఉంచి, లాభాన్ని కళాకారులతో పంచుకున్నారు.

ఇది సోషలిజం కాదు. ఇక్కడి న్యాయమంతా యజమాని శీలం మీద నిలిచింది. కళాకారునికి వెళ్లిపోయే స్వేచ్ఛ ఉంది. లెక్క అడిగేందుకు చేతిలో కాగితం లేదు. ఔదార్యం వేరు, హక్కు వేరు.

అయినా దీన్ని తీసిపారేయడం నాకు సమ్మతం కాదు. న్యాయంగా ఉంటే మార్కెట్టులో బతకలేమన్నది పెద్ద కంపెనీల నిత్యసాకు. ఆ సాకు అబద్ధమని ఈ చిన్న సంస్థ నాలుగు దశాబ్దాలకు పైగా బతికి రుజువు చేసింది. వ్యక్తి నిజాయితీ వ్యవస్థను మార్చజాలదు. దోపిడీ అనివార్యమన్న భ్రమను మాత్రం పోగొట్టగలదు. తక్కిన పని సంఘటిత శ్రామికులది.