శంఖము నేర్పెడి పాఠము

జంషెడ్‌పూరులోని బిష్టుపూరున ఆంధ్రభక్త శ్రీరామ మందిరమునకు వెళ్లునప్పుడు ఒక్కమాట యోచింపుడు. దేవతార్చనలో మ్రోగెడి శంఖమెట్టిది? కడలిలో బ్రతికి గతించిన నత్తగుల్లయే గదా! పొరుగు బెంగాలులో బాంకుడా జిల్లా శంఖకారులు అట్టి గుల్లలపై దేవతామూర్తులను చెక్కుదురు. కొనను కోసి, ఊపిరికి దారి చేసినంతనే మృతశేషము ప్రణవనాదమగును.

అయితే గుల్లకొరకై సజీవమగు నత్తను చంపినచో అది పూజ యగునా? నెమలి ఏటేట తానై రాల్చిన పింఛము కృష్ణునకు శిరోభూషణము. వజ్రాయుధమునకై దధీచి తన యస్థులను తానే యొసగెను. ఒసగినది, రాలినది పవిత్రము; హరించినది కాదు.

మన దేహమును ఒకనాడు రాలెడి గుల్లయే. ప్రాణముండగనే అహంకారమను కొనను కోసికొందము. అప్పుడు భగవంతుని ఊపిరి మనయందును మ్రోగును.