కోరి వరించిన అలసట

శరీరాన్ని కావాలని అలసటకు గురిచేయడం పుణ్యమా, వ్యర్థమా, లేక ఈ రెండింటిలోనూ ఇమడని మరో విలువ దానికి ఉందా అన్న ప్రశ్న భారతీయ చింతనలో చాలా పాతది. అరణ్యాల్లోనూ ఆరామాల్లోనూ ఆ ప్రశ్న తపస్సు పేరుతో చర్చకు వచ్చింది. నేడు గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు శివార్లలో తెల్లవారకముందే బూట్లు కట్టుకొని రోడ్డెక్కే ఉద్యోగులు, విద్యార్థులు, వ్యాపారులు తెలిసో తెలియకో అదే ప్రశ్న ముందు నిలుస్తున్నారు. వారిలో మొదటిసారి మారథాన్‌కు సిద్ధమయ్యేవారి స్థితి మరింత ఆలోచింపదగినది, ఎందుకంటే గెలుస్తామన్న ఆశ వారికి లేదు, బహుమానం రాదు, పరుగెత్తవలసిన 42.195 కిలోమీటర్ల దూరానికి కూడా స్వతహాగా ఏ పవిత్రతా లేదు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలై స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ఎదుట ముగిసిన దారి పొడవే 1921లో అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడింది. ఇంగ్లండు రాజభవనం వాకిలి ఎక్కడుందో దాన్నిబట్టి ఏర్పడిన ఒక అంకె కోసం పల్నాటి మనిషి నాలుగు నెలలు చెమటోడ్చడంలో అర్థమేదైనా ఉంటే, అది ఆ అంకె నుంచి కాక ఆ నాలుగు నెలల నుంచే రావాలి.

ఆ నాలుగు నెలలు ఈ నేల మీద ఎలాంటివో గమనించడం అవసరం. తెలుగువారికి అందుబాటులో ఉన్న పెద్ద పోటీల్లో ఒకటైన హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివరి వారాల్లో జరుగుతుంది, దానికి 16 నుంచి 20 వారాల అభ్యాసం కావాలి, కనుక ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో పరుగు ప్రారంభించక తప్పదు. అంటే అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడిన రెంటచింతల వంటి ఊళ్లున్న ప్రాంతంలో రోహిణి కార్తె ఎండలే తొలి పాఠాలవుతాయి. నల్లరేగడి చేలలో మిరపకోతలు ముగిసి, కల్లాల్లో ఎండిన కాయలు గుంటూరు యార్డుకు తరలే రోజుల్లో పరుగు మొదలై, తొలకరికి పత్తి విత్తనం పడి, మిరపనారు నాట్లకు చేరేసరికి అభ్యాసం ముగుస్తుంది. ఈ కాలమంతా ఆ రోడ్ల మీదే కూలీలను ఎక్కించుకున్న ఆటోలు పరుగెత్తేవారిని దాటిపోతుంటాయి. యార్డులో 40 కిలోలకు అటూఇటూగా బరువుండే మిర్చి టిక్కీని వీపున మోసే హమాలీకి, వంచిన నడుము ఎత్తకుండా సాళ్ల వెంట పత్తి తీసే స్త్రీకి, కర్నూలు వైపు నుంచి కుటుంబంతో సహా మిరపకోతకు వలసవచ్చే కూలీకి అలసటను వెతుక్కుంటూ వెళ్లవలసిన పని లేదు. శ్రమ ఇంతగా పొంగిపొర్లే చోట అదనంగా మరికొంత శ్రమను కోరి తెచ్చుకోవడానికి సమర్థన ఏమిటన్నదే ఈ వ్యాసం పట్టించుకొనే ప్రశ్న.

తత్త్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 1978లో వెలువరించిన గ్రంథంలో ఆటకు ఒక నిర్వచనం ప్రతిపాదించాడు. ఎవరూ విధించని అడ్డంకిని మనిషి తనంతట తాను ఎదుట పెట్టుకొని, సులువైన దారి ఉన్నా దాన్ని విడిచి, ఆ అడ్డంకి వల్ల సాధ్యమయ్యే ప్రయత్నం కోసమే దాన్ని దాటబూనడం ఆట స్వరూపమని దాని సారాంశం. బస్సు ఉండగా పరుగెత్తడం ఈ లెక్కన ఆటే. అయితే ప్రయోజనం కోరని క్రియ అన్న భావన తెలుగువారికి కొత్తదేమీ కాదు. ఏ కొరతా లేని బ్రహ్మం ఈ జగత్తును ఎందుకు సృష్టించాలన్న ఆక్షేపానికి బ్రహ్మసూత్రాలు లీల అనే సమాధానం చెప్పాయి. లీల అంటే కొరతను తీర్చుకోవడానికి గాక నిండుదనం నుంచి పుట్టే క్రియ. శంకరుడు ఆ సూత్రానికి భాష్యం రాస్తూ, కోరికలన్నీ తీరిన రాజు విహారార్థం చేసే క్రీడనూ, ఏ ప్రయోజనాన్నీ ఉద్దేశించకుండా సహజంగా సాగే ఉచ్ఛ్వాసనిశ్శ్వాసలనూ ఉదాహరించాడు. ఈ రెండు ఉదాహరణల్లో మొదటిది రాజుది, రెండవది ప్రతి ప్రాణిది. క్రీడలోని అర్థం రాజు ఉదాహరణ దగ్గరే ఆగిపోతే అది తీరిక ఉన్నవాడి విలాసంగానే మిగులుతుంది. శ్వాస దాకా వస్తేనే అది మనిషి అన్న ప్రతివారికీ చెందుతుంది. ఊపిరి బిగపట్టి కూతపెట్టే చెడుగుడు ఈ ఊళ్లకు బాగా తెలిసిన ఆటే కనుక, శ్వాసే క్రీడకు కొలత అన్న సంగతిని ఇక్కడివారికి కొత్తగా బోధించనవసరం లేదు.

కోరి పడే శ్రమలన్నీ ఒకే రకమైనవి కావని భగవద్గీత పదిహేడవ అధ్యాయం స్పష్టంగా విభజించింది. ఫలాన్ని ఆశించక శ్రద్ధతో చేసేది సాత్త్వికమైన తపస్సు. సత్కారం కోసం, గౌరవం కోసం, నలుగురి మెప్పు కోసం చేసేది రాజసం, అది నిలకడ లేనిది. మూర్ఖపు పట్టుదలతో తన్ను తాను హింసించుకుంటూ చేసేది తామసం. మొదటి మారథాన్‌కు సిద్ధమయ్యేవారిలో ఈ మూడూ కనిపిస్తాయి, ఒకే మనిషిలో ఒకే వారంలో మూడూ కనిపించడమూ అరుదు కాదు. ప్రతి పరుగునూ ఫోనులో కొలిచి నలుగురికీ చూపితే తప్ప అది జరిగినట్టు అనిపించని స్థితి రాజసం. మోకాలి కింద ఎముక సలుపుతున్నా, పగుళ్లకు దారితీస్తుందని వైద్యుడు హెచ్చరించినా, పట్టికలో రాసి ఉంది కాబట్టి పరుగెత్తి తీరాలనుకోవడం తామసం. ఈ రెండవదాన్నే లోకం పట్టుదలగా పొగుడుతుంది, అందువల్ల ప్రమాదం దానిలోనే ఎక్కువ.

ఈ ప్రమాదాన్ని బౌద్ధం రెండువేల ఏళ్లకు ముందే గుర్తించింది, ఆ బౌద్ధం ఒకప్పుడు ఈ మైదానాల మతం. అమరావతి, భట్టిప్రోలు, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం, కృష్ణ లోయలో నాగార్జునకొండ దాని సాక్ష్యాలు. భిక్షువులు కూర్చుని చేసే ధ్యానంతో పాటు ఒక దారిలో ముందుకూ వెనక్కూ నడుస్తూ చేసే ధ్యానాన్నీ సాధన చేసేవారు. దీనిని చంక్రమణం అంటారు. దూరప్రయాణాలకు ఓర్పు, ప్రయత్నానికి ఓర్పు, ఆరోగ్యం, తిన్నది అరగడం, దాని వల్ల కుదిరిన ఏకాగ్రత ఎక్కువసేపు నిలవడం అని పాలి గ్రంథాలు దానికి ఐదు ఫలాలను చెప్పాయి. వీటిలో ఎక్కువభాగం దేహానికి సంబంధించినవి కావడం విశేషం: దేహం దృఢపడటాన్ని ఆ సంప్రదాయం సాధనకు వెలుపలి విషయంగా చూడలేదు.

చంక్రమణాన్నే అతిగా చేసిన సోణ కోళివిసుని కథ మారథాన్ అభ్యాసికి మరే కథ కంటే దగ్గరిది. చంపానగరపు ధనిక కుటుంబంలో, పాదాలకు నేల తగలనంత సుకుమారంగా పెరిగిన సోణుడు భిక్షువై, రాజగృహం దగ్గరి శీతవనంలో అరికాళ్లు చిట్లి నడిచిన దారి నెత్తురుమయమయ్యేదాకా నడిచాడు. అయినా చిత్తానికి విముక్తి కలగకపోవడంతో, ఇంటికి తిరిగిపోయి ఉన్న సంపదతో దానధర్మాలు చేసుకోవడమే మేలని తలపోశాడు. బుద్ధుడు అతని దగ్గరకు వచ్చి, గృహస్థుగా ఉన్నప్పుడు అతడు నేర్చిన వీణను గుర్తుచేసి, తీగ మరీ బిగిస్తే పలకదని, మరీ వదిలినా పలకదని అతని నోటనే చెప్పించి, ప్రయత్నాన్నీ అలాగే సమంగా నిలుపుకోమన్నాడు. నేటి శిక్షణశాస్త్రం చెప్పేది దీనికి భిన్నం కాదు. పరుగులో అధికభాగం మాట్లాడగలిగినంత నెమ్మదిగా సాగాలని, వారానికి ఒక సుదీర్ఘమైన పరుగును కొద్దికొద్దిగా పెంచుతూ 30 కిలోమీటర్ల దాకా తీసుకుపోవాలని, మధ్యలో విశ్రాంతి దినాలు తప్పనిసరని అది చెబుతుంది. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం చాలామందికి 30 కిలోమీటర్ల ప్రాంతంలో అడుగంటుతుంది. ఆ తరువాతి దూరం మొండితనం ఒక్కదానితో దాటేది కాదు. నీరు తాగకపోతే వడదెబ్బ, అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం. బలపడటం జరిగేది పరుగులో కాదు, పరుగుకూ పరుగుకూ నడుమ దేహం తేరుకొనే గంటల్లో. పోటీకి ముందు రెండు మూడు వారాలు దూరాన్ని తగ్గించుకుంటూ పోయే దశను శిక్షకులు టేపర్ అంటారు. కష్టానికి అలవాటుపడ్డ అభ్యాసికి కష్టాన్ని వదులుకోవడమే అప్పుడు అన్నిటికంటే కష్టమవుతుంది. దీర్ఘకాలం, ఎడతెగక, ఆదరంతో చేస్తేనే అభ్యాసం పాదుకొంటుందని చెప్పిన పతంజలి, దాని పక్కనే వైరాగ్యాన్ని, అంటే పట్టు సడలించగల శక్తిని, జోడించిన కారణం ఆ వారాల్లో అనుభవానికి వస్తుంది.

దేహానికి ఒక హద్దు ఉందని ఒప్పుకోవడం ఓటమి కాదని చెప్పే స్థలపురాణం ఈ ప్రాంతంలోనే ఉంది. నేటి పల్నాడు జిల్లాలో, నరసరావుపేటకు చేరువగా ఉన్న కోటప్పకొండకు బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలని మూడు శిఖరాలు. ఆనందవల్లి అనే గొల్లపడుచు ప్రతిదినం రుద్రశిఖరానికి ఎక్కి జంగమరూపుడైన శివుణ్ణి సేవించేదని, గర్భవతి అయ్యాక కూడా మానలేదని, చివరకు ఎక్కలేక స్వామినే కిందికి రమ్మని వేడుకొన్నదని, వెనుదిరిగి చూడకుండా ముందు నడవాలన్న నియమం మీద ఆయన దిగివచ్చాడని, నడుమ ఆమె వెనుదిరిగి చూడటంతో బ్రహ్మశిఖరం మీదే లింగమై నిలిచాడని కథ. మహాశివరాత్రి తిరునాళ్లకు ఊరూరా ప్రభలు కట్టుకొని తరలివచ్చే జనం కొలిచేది ఆ నడుమ నిలిచిన స్వామినే. జపాన్‌లోని హియె పర్వతం మీద తెందాయ్ భిక్షువులు ఏడేళ్లలో వెయ్యి రోజులు కొండదారుల్లో నడిచే వ్రతంలో, నడుమ విరమించడం కంటే ప్రాణం విడవడమే మేలన్న సంప్రదాయం ఉంది. దాని గాంభీర్యాన్ని కాదనలేము గానీ, ఈ రెండింటిలో లోతైనది కోటప్పకొండ కథే. నిత్యం ఎక్కిన పాదాల పట్ల గౌరవంతో దేవుడు సగం దూరం దిగిరావడమన్న ఊహలో సాధనకు విలువ ఉంది, హద్దుకూ విలువ ఉంది. ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర పరుగు ఆపి నడిచినవాడూ, వైద్యుడి మాట విని ఆ ఏటికి విరమించుకున్నవాడూ ఆ నాలుగు నెలలను పోగొట్టుకోలేదు.

ఇక్కడికి అర్థం సగమే తేలింది. తెలుగు ఇళ్లలో ఈ అభ్యాసాన్ని చాలామంది దీక్షగా అర్థం చేసుకుంటారు. అయ్యప్పమాల వేసుకొన్నవాడు మండలంపాటు చన్నీటి స్నానం, మితాహారం, నియమం పాటించినట్టే ఇదీ అనుకుంటారు. పోలిక చాలావరకు నిజమే. కానీ దీక్షకు ఇరుముడి ఉంది, దాన్ని సమర్పించుకొనే సన్నిధి ఉంది. పతంజలి తపస్సుతో పాటు స్వాధ్యాయాన్ని, అంటే తన్ను తాను పరిశీలించుకోవడాన్ని, ఈశ్వరప్రణిధానాన్ని, అంటే చేసినదాన్ని తన కంటే పెద్దదానికి అర్పించడాన్ని కలిపి క్రియాయోగం అన్నాడు. పరుగులో మొదటిది ఉంది, రెండవది అలవడవచ్చు, మూడవది మాత్రం మెడలో వేసే పతకంతో తీరదు.

ఆ మూడవదానికి దారి సోణుని కథ చివరి భాగంలో దొరుకుతుంది. అతని పాదాల స్థితి చూసి బుద్ధుడు ఒకే పొర ఉన్న చెప్పులు ధరించడానికి అతనికి ప్రత్యేకంగా అనుమతి ఇచ్చాడు. సోణుడు దాన్ని ఒక్కడుగా స్వీకరించడానికి ఇష్టపడలేదు. సంఘమంతటికీ అనుమతిస్తే తానూ ధరిస్తానన్నాడు, అప్పుడు భిక్షువులందరికీ ఆ అనుమతి లభించింది. నెత్తురోడిన పాదం తన నొప్పి నుంచి నేర్చుకొన్న పాఠాన్ని తన దగ్గరే దాచుకోకపోవడం అతని సాధనలోకెల్లా గొప్ప ఘట్టమని చెప్పాలి.

హమాలీ మోసే బరువునూ కూలీ స్త్రీ నడుమునొప్పినీ కూడా తపస్సని పొగిడే అలవాటు సాహిత్యంలోనూ ప్రసంగాల్లోనూ ఉంది, అది అన్యాయమైన పొగడ్త. ఎంచుకొనే స్వేచ్ఛ లేని చోట తపస్సు లేదు, కూలి కోసం పడే శ్రమకు కావలసింది కీర్తన కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టి, అప్పుల్లో మునిగిన రైతులు ఈ ప్రాంతంలో ప్రాణాలు తీసుకొన్నప్పుడు ఓర్పు గురించిన ఏ బోధా వారికి అక్కరకు రాలేదు. అందువల్ల కోరి అలసేవాడికీ, తప్పక అలసేవాడికీ మధ్య ఉన్న తేడాను చెరిపేయకుండా, మొదటివాడు తన దేహం ద్వారా తెలుసుకొన్నదాన్ని రెండవవాడి హక్కుగా గుర్తించడమే క్రీడకు సమర్పణ కాగలదు. కొద్ది కిలోమీటర్లకొకసారి నీరు, ఉప్పు కలిపిన పానీయం, నీడ, దెబ్బ తగిలితే పక్కనే వైద్యుడు: ఇవి లేకుండా 42 కిలోమీటర్లు పరుగెత్తించడం నేరమని మారథాన్ నిర్వాహకులందరూ ఒప్పుకొంటారు. అదే ఎండలో పొద్దుగూకే దాకా వంగి పనిచేసేవారికి ఇవే అవసరమని పరుగెత్తినవాడికి ఎవరూ నచ్చజెప్పనక్కరలేదు. ఈ మైదానాల్లో పరుగు అభ్యసిస్తున్నవారిలో చేలున్నవారూ, యార్డులో వ్యాపారం ఉన్నవారూ, అధికారంలో ఉన్నవారూ ఉన్నారు. వారు ఈ ఏటి పత్తితీతల నాటికి, మిరపకోతల నాటికి తమ చేల గట్ల మీద చల్లని నీరు, నీడనిచ్చే పందిరి, మిట్టమధ్యాహ్నం పని ఆపే నియమం ఏర్పాటు చేయాలి.